తిరుపతి ఇన్వెస్టర్ల కాన్ఫరెన్స్: స్టేజీ వదిలేయండి, స్టాళ్లు చూడండి

ఇక్కడ ఓ హోటల్లో జరిగిన స్టార్టప్ ఇన్వెస్టర్ల కాన్ఫరెన్స్‌కి వెళ్లొచ్చాను. టికెట్ కొనొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. పెట్టుబడి చేతికొస్తుందని వెళ్తే మాత్రం డబ్బు దండగ. ఇన్వెస్టర్ల డబ్బు ఇప్పుడు ఎటు పోతోందో తెలుసుకోవడానికైతే వెళ్లొచ్చు.

స్టేజీ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏఐ భజనే. అసలు సంగతి బయట స్టాళ్ల దగ్గర తెలిసింది. దర్శనం సమాచారం చెప్పే చాట్‌బాట్ స్టాల్ ముందు జనం బాగానే మూగారు గానీ, ఓ ఫండ్ మేనేజర్ వచ్చి "ఇదే పని రేపు పెద్ద కంపెనీ ఫ్రీగా చేసిస్తే మీ దగ్గరికెందుకు వస్తారు?" అన్నాడు, ఆ కుర్రాడు నీళ్లు నమిలాడు.

పక్కనే రాకెట్లకు చిన్న వాల్వులు చేసే స్టాల్, ఫ్లెక్సీ కూడా సరిగ్గా లేదు. అక్కడ ఒకావిడ వాల్వు చేతిలో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూస్తూ, వందకి ఎన్ని రిజెక్ట్ అవుతున్నాయి, ఎవరు కొంటున్నారు, అడ్వాన్స్ ఇస్తున్నారా అని చాలాసేపు అడిగింది. ఆశ్చర్యమేం లేదు, శ్రీహరికోట మన జిల్లాలోదే కదా. ప్రైవేట్ స్టార్టప్‌లైన స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ రాకెట్ 2022 నవంబర్‌లో, అగ్నికుల్ వాళ్ల రాకెట్ 2024 మేలో అక్కడి నుంచే ఎగిరాయి. స్పేస్ స్టార్టప్‌ల కోసం కేంద్రం 1000 కోట్ల ఫండ్‌కి 2024 అక్టోబర్‌లో ఓకే చెప్పింది. ఎవరు ఎక్కడ ఆగి ఏం అడుగుతున్నారో చూస్తే ట్రెండ్ అర్థమైపోతుంది, ప్యానెళ్లు అక్కర్లేదు.

చిత్తూరు నుంచి వచ్చిన తోతాపురి గుజ్జు యూనిట్ వాళ్ల దగ్గర అందరూ జ్యూస్ తాగి, బాగుందని వెళ్లిపోయారు. పాపం వాళ్లకి ఎవరూ విడమర్చి చెప్పలేదు. వీసీ ఫండ్ (వెంచర్ క్యాపిటల్, అంటే నలుగురి డబ్బు పోగేసి స్టార్టప్‌లలో వాటా కొనే ఫండ్) సాధారణంగా పదేళ్లలో డబ్బు తిరిగివ్వాలి, పెట్టిన కంపెనీల్లో చాలావరకు మునిగిపోతాయి, మిగిలిన ఒకటో రెండో పదింతలు, ఇరవయ్యింతలు పెరిగితేనే లెక్క సరిపోతుంది. ఏటా నికరంగా లాభం తెచ్చే గుజ్జు యూనిట్‌కి బ్యాంకు అప్పే దారి. ఈ ముక్క స్టేజీ మీద ఎవరైనా చెప్పుంటే వాళ్లకి స్టాల్ ఖర్చైనా మిగిలేది.

సెషన్లలో ఒక్క ఆడిటర్‌గారిదే బాగుంది. ఇన్వెస్టర్ స్టార్టప్ షేరుని ఫెయిర్ వాల్యూ (లెక్కగట్టిన అసలు విలువ) కంటే ఎక్కువ పెట్టి కొంటే, ఆ ఎక్కువ మొత్తాన్ని కంపెనీ ఆదాయంగా చూసి పన్ను వేసేవాళ్లు, అదే ఏంజెల్ టాక్స్. 2012లో తెచ్చారు, 2024 జులై బడ్జెట్‌లో తీసేశారు. పాత భయంతో ఇంకా ఆగిపోయినవాళ్లు హాల్లో చాలామందే ఉన్నారు.

వైఫై పేరుకే ఉంది. అన్నీ లేటే, ఆ లేటంతా పిచ్‌ల (స్టార్టప్‌లు ఇన్వెస్టర్లకి తమ ఐడియా చెప్పుకునే) టైంలోంచి కోసేశారు, ఇది మాత్రం అన్యాయం. భోజనం బాగుంది, క్యూ మాత్రం సర్వదర్శనమే. మళ్లీ పెడితే స్టాళ్లకు విడిగా పాస్ ఇస్తారేమో అడగండి, ఇస్తే అదొక్కటే కొనండి. స్టూడెంట్లయితే టికెట్ సగం రేటుకి దొరికితే తప్ప వెళ్లకండి.