పడుకుని నడిపే హ్యాండ్‌సైకిల్: 1,400 కిలోమీటర్లు నడిపాక నా మాట

నడుము కింద కదలిక లేకపోయినా దూరాలు వెళ్ళాలని ఉన్నవాళ్ళు, భుజాలు బాగుంటే, ఈ బండి కొనుక్కోవచ్చు. కూరలకీ మెడికల్ షాపుకీ వెళ్ళిరావడానికైతే మాత్రం ఇది పనికిరాదు.

మాది తెనాలి. చిలకలూరిపేట దగ్గర హైవే మీద జరిగిన ప్రమాదంలో నా వెన్నుపాము టీ10 (ఛాతీ భాగపు పదో వెన్నుపూస) దగ్గర దెబ్బతింది. బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు, కదలిక లేదు. ఇప్పుడు ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉద్యోగం. వెన్నుపాము గాయాల మీద పరిశోధనకు నిధులిచ్చే స్పైనల్ రీసెర్చ్ అనే బ్రిటిష్ చారిటీకి విరాళాలు పోగుచేస్తూ లాండ్స్ ఎండ్ నుంచి జాన్ ఓ గ్రోట్స్ దాకా ఈ బండి మీదే వెళ్ళాను. బ్రిటన్ నైరుతి కొస నుంచి ఈశాన్య కొసకు, మామూలు రోడ్డు దారిన 874 మైళ్ళు, అంటే సుమారు 1,400 కిలోమీటర్లు. వెనక వ్యాన్‌లో మా తమ్ముడు.

మన దగ్గర క్యాంపుల్లో ఇచ్చే మూడు చక్రాల బండిలో నిటారుగా కూర్చుంటాం. ఇందులో వెల్లకిలా ఒరిగి, కాళ్ళు ముందుకు చాపి, పట్టీలతో బిగించుకుంటాం. ఛాతీకి ఎదురుగా పిడులు. మామూలు సైకిల్ పెడల్స్‌లా ఒకటి పైకి ఒకటి కిందికి కాదు, రెండు చేతులూ కలిసే తిరుగుతాయి. బండి మలిపేదీ వాటితోనే. వెనక రెండు చక్రాలు, ముందు ఒకటి. చైను తిప్పేది ముందు చక్రాన్నే. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న అల్యూమినియం బండి. కొత్తదైతే మన డబ్బుల్లో లక్షల్లో మాట. కంపెనీ పేరు రాయట్లేదు, ఈ తరహా బళ్ళ అమరిక దాదాపు ఒకటే.

దీని గొప్పంతా భుజాల దగ్గరుంది. వీల్‌చైర్‌ని రోజంతా నెట్టే మాకు ముందుగా అరిగేవి అవే. చైర్‌లో నెట్టడమే ఉంటుంది. ఇక్కడ నెట్టడమూ ఉంది, లాగడమూ ఉంది, కాబట్టి వీపు, దండచేతుల కండలు కూడా బరువు పంచుకుంటాయి. "చేతులు పడిపోవట్లేదా?" అని అమ్మ రోజూ ఫోన్‌లో అడిగేది. అలసట ఉండేది గానీ, చైర్‌లో తిరిగిన రోజు రాత్రి కీలులో వచ్చే పోటు లేదు.

బండి ఎంచుకునేటప్పుడు అతి చిన్న గేరు ఎంత చిన్నదో చూడండి. మొదట్లోనే వచ్చే కార్న్‌వాల్ ఎత్తుపల్లాలు స్కాట్లండ్ కొండలకన్నా ఎక్కువ ఏడిపిస్తాయి. దిగిందంతా మళ్ళీ ఎక్కాలి. కాళ్ళకున్నంత కండ చేతులకు లేదు, చిన్న గేరు లేకపోతే అక్కడే ఆగిపోతాం. ఇంకో చిక్కు, బరువంతా వెనకపడి ముందు చక్రం తేలిపోవడం. తడి రోడ్డు మీద నిటారు ఎక్కుడు వస్తే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. ముందు కాస్త వెడల్పు టైరు వేసి, గాలి కొంచెం తగ్గించి, ఒంటిని వీలైనంత ముందుకు వంచితే పట్టు దొరికింది. నాకు పొట్ట పైకండరాలు పనిచేస్తాయి గనక వంగగలిగాను. ఇంకా పైన గాయమైనవాళ్ళు కొనేముందు దీన్ని ఎక్కుడు మీద పరీక్షించి తీరాలి.

చర్మం సంగతి అమ్మకందారులు చెప్పరు. సీటు ఒరుసుకున్నా మనకు తెలియదు. ఆగిన ప్రతిచోటా అద్దంతో చూసుకోవాలి. దారిలో ఒకచోట తుంటి దగ్గర ఎర్రబడితే ఆ రోజుకి బండి ఆపేశాం. స్కాట్లండ్‌లోని డ్రమాక్టర్ కనుమ 460 మీటర్ల ఎత్తు, వేసవిలోనూ చలిగాలే. పాదాలు గడ్డకడుతున్నా కబురందదు కాబట్టి తమ్ముడే తాకి చూసి ఉన్ని మేజోళ్ళు తొడిగేవాడు. చైర్‌లోంచి నేలకు జానెడెత్తు సీట్లోకి దిగడం ఒక ఎత్తు, మళ్ళీ పైకెక్కడం పది ఎత్తులు. కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేళలకు అదే పని. తోడు లేకుండా దూరప్రయాణం పెట్టుకోకండి. లారీల కళ్ళకు ఆననంత కింద ఉంటాం. పొడుగు కర్రకు జెండా, పగలు కూడా లైటు తప్పనిసరి. సైకిల్ దారుల్లో మోటారు బైకులు రాకుండా పెట్టిన ఇనప అడ్డాల్లో కొన్నిటిలో ఈ బండి పట్టదు. దారి ముందే చూసుకోవాలి.

ఇంత కష్టపడి విరాళాలు పోగుచేసింది ఎందుకంటే, నా చేతులైనా తిరుగుతున్నాయి. మెడ దగ్గర గాయమై చేతుల్లోనూ పట్టు పోయినవాళ్ళు పిడి పట్టుకోవడానికి చేతులకు ప్రత్యేకమైన గ్లవ్స్ కట్టించుకుంటారు. వాళ్ళ విషయంలో పరిశోధన నిజంగా కదిలింది. మెడ చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి, వ్యాయామంతో పాటు కరెంటు ఇచ్చే పద్ధతి ఫలితాలు 2024లో నేచర్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. గాయమై ఏడాది దాటిన 60 మందిలో 72 శాతం మందికి బలమూ చేతిపనీ రెండూ మెరుగయ్యాయి. అదే ఏడాది డిసెంబర్‌లో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఆ పరికరాన్ని అనుమతించింది. నడిపించేస్తుందని ఎవరూ అనలేదు. అయినా గ్లాసు తనంతట తాను ఎత్తుకోగలగడం ఎంత పెద్ద సంగతో మా వార్డులో ఉన్నవాళ్ళనడగండి.

మన ఊళ్ళలో పొలం అమ్మి స్టెమ్‌సెల్ ఇంజెక్షన్లకు కడుతున్నవాళ్ళను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. వెన్నుపాము గాయానికి, అనుమతి ఉన్న పరిశోధన పరీక్షల్లో (క్లినికల్ ట్రయల్స్) తప్ప, అవి ఇవ్వకూడదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అనుమతి ఉన్న పరీక్షలో చేరినందుకు మీరు డబ్బు కట్టక్కర్లేదు. కట్టమన్నారంటే లేచి వచ్చేయండి. బ్రిటన్‌లో పన్ను కట్టే తెలుగువాళ్ళు విరాళమిస్తే గిఫ్ట్ ఎయిడ్ టిక్ పెట్టండి, ప్రతి పౌండుకీ ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది.

హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవాళ్ళకు నా సలహా వేరు. ఈ బండికి నేల చాలా దగ్గర, మన స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు గీరుకుంటుంది. వీల్‌చైర్ ముందు తగిలించుకునే హ్యాండ్‌సైకిల్ భాగం తీసుకోండి. చైర్‌లోంచి దిగే పని లేదు, విప్పి ఆటోలో వేసుకోవచ్చు. పడుకునే బండే కావాలంటే, 2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ లాంటి నున్నని దారి దగ్గర్లో ఉందో లేదో చూసుకుని, అప్పుడు బేరం మొదలుపెట్టండి.