పెద్దవారిలో కియారీ ఆపరేషన్: ఫలితాన్ని ముందుగానే విడమరచి చెప్పిన తిరుపతి న్యూరోసర్జరీ ఓపీ

మా అక్కకు కియారీ లోపం ఉందని తేలిన తరువాత, ఆపరేషన్ చేయించుకుంటే ఎంతవరకు బాగవుతుందో తెలుసుకోవడానికి తిరుపతిలోని ఒక ఆసుపత్రి న్యూరోసర్జరీ ఓపీకి వెళ్ళాము. చిత్తూరు వాళ్ళకు పెద్ద జబ్బు అనగానే వేలూరు గుర్తుకు వస్తుంది. అయితే ఆపరేషన్ తరువాత చాలాసార్లు చూపించుకోవలసి ఉంటుందని, తిరుపతిలో మా పిన్నమ్మ ఇల్లు ఉందని ఇటే వచ్చాము. ఆపరేషన్‌కు ముందు అక్కడ దొరికిన సలహా గురించే ముఖ్యంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ జబ్బులో అసలు కష్టమంతా ఆ నిర్ణయం దగ్గరే ఉంది.

చిన్నమెదడు అడుగున టాన్సిల్స్ అనే రెండు కొసలు ఉంటాయి. అవి కపాలం అడుగునున్న పెద్ద రంధ్రం గుండా మెడలోకి జారి, మెదడు చుట్టూ తిరిగే ద్రవానికి దారి ఇరుకు చేయడమే మొదటి రకం కియారీ లోపం. హన్స్ కియారీ అనే వైద్యుడు 1891లో దీనిని వర్ణించాడు. సాధారణంగా 5 మిల్లీమీటర్లు, అంతకు మించి జారితే ఈ పేరు పెడతారు. మేము అంతకుముందు చూపించుకున్న మరొక చోట రిపోర్టులోని ఆ మిల్లీమీటర్లు చూసి, అక్కను తాకనైనా తాకకుండా, ఆపరేషన్ చేస్తే అంతా నయమైపోతుందని చెప్పి పంపారు. తిరుపతి డాక్టరుగారు మొట్టమొదట చెప్పింది, ఎంత జారిందన్న లెక్కను బట్టి ఆపరేషన్ ఫలితాన్ని ఊహించలేమని. బాగా జారినా ఏ బాధా లేకుండా జీవించేవారు ఉన్నారు, కొద్దిగా జారినా తీవ్రంగా బాధపడేవారూ ఉన్నారు.

ఆయన ముందు అక్కను దగ్గమన్నారు. దగ్గగానే మెడ వెనుక, తల అడుగున నొప్పి పుట్టి కాసేపటికి తగ్గిపోతుందా, రోజంతా ఉంటుందా అని అడిగారు. ఆ తరువాత ఆమె కుడిచేతి వేళ్ళపై ఉన్న కాలిన మచ్చలను చూపించి, ఇవి ఎలా వచ్చాయని అడిగారు. దోసె పెనం తగిలినా వేడి తెలియడం లేదని అక్క చెప్పింది. ఆయన చన్నీళ్ళ గొట్టాన్ని, గోరువెచ్చని నీళ్ళ గొట్టాన్ని మార్చి మార్చి భుజాలకు, చేతులకు ఆనించి ఎక్కడ తేడా తెలియడం లేదో పెన్నుతో గుర్తు పెట్టారు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్యనున్న కండను నొక్కి చూసి, అది ఇంకా కరగలేదని, అది మంచి సంగతని అన్నారు. మెడ ఎంఆర్ఐలో వెన్నుపాము లోపల నీటితిత్తి కనిపించింది. దీనినే సిరింక్స్ అంటారు, వేళ్ళకు వేడి తెలియకపోవడం దీనివల్లనే.

ఫలితం గురించి ఆయన ఒక్క శాతం లెక్క కూడా చెప్పలేదు, ఒక్కొక్క బాధనూ విడివిడిగా తీసుకుని మాట్లాడారు. "దగ్గితే వచ్చే నొప్పి తగ్గే అవకాశం చాలా బాగుందమ్మా. వేళ్ళ తిమ్మిరి విషయంలో మాత్రం నేను మాటివ్వలేను, అది ఇంకా పెరగకుండా ఆపడానికే ఆపరేషన్" అని అక్క ముఖం చూస్తూనే చెప్పారు. దగ్గుతో వచ్చే తలనొప్పి ఈ ఆపరేషన్‌కు బాగా లొంగుతుందని, ఏళ్ళ తరబడి ఉన్న స్పర్శలోపం, కండ కరగడం పూర్తిగా వెనక్కి రావడం అరుదని, బాధ మొదలై ఎంత తక్కువ కాలమైతే అంత మేలని వివరించారు. అక్కకు చిన్నప్పటి నుంచి ఉన్న పార్శ్వపు నొప్పి వేరే జబ్బని, ఆపరేషన్ తరువాత అది అలాగే ఉంటే నిరాశపడవద్దని కూడా ముందే హెచ్చరించారు. ఈ ఒక్క మాట ఆ తరువాత మా ఇంట్లో ఎంత ఆందోళనను తప్పించిందో చెప్పలేను.

ఈ ఆపరేషన్‌లో ద్రవానికి దారి ఇవ్వడానికి కపాలం అడుగున కొంత ఎముకను తొలగిస్తారు. మెడ ఎముక కపాలంలోకి చొచ్చుకుని ఉంటే అలా తొలగించడం ఒక్కటే సరిపోకపోవచ్చని, ఎముకలను బిగించవలసి రావచ్చని చెప్పి, సీటీ తీయించి అది లేదని నిర్ధారించుకున్న తరువాతే తేదీ ఇచ్చారు. మెదడు పొరను తెరిచి అతుకు వేస్తే సిరింక్స్ తగ్గే అవకాశం పెరుగుతుంది, దానితో పాటు ద్రవం కారడం, ఇన్ఫెక్షన్ వంటి ముప్పూ పెరుగుతుంది. ఈ రెండు వైపులా చెప్పి, అక్కకు సిరింక్స్ ఉంది కాబట్టి పొర తెరవడమే మేలని తన అభిప్రాయం ఇచ్చారు.

ఆపరేషన్ అయ్యింది, ఇప్పుడు దగ్గితే నొప్పి రావడం లేదు. తర్వాతి ఎంఆర్ఐలో నీటితిత్తి సన్నబడింది. తిమ్మిరి అలాగే ఉంది, అక్క పొయ్యి దగ్గర ఎడమచేతిని వాడుతోంది. తిరిగి చూపించుకున్నప్పుడు ఆపరేషన్ ఫలితాన్ని కొలిచే షికాగో కియారీ ఔట్‌కమ్ స్కేల్ అనే పద్ధతి ప్రకారం నొప్పి, ఇతర లక్షణాలు, రోజువారీ పనులు, ఆపరేషన్ చిక్కులు అనే నాలుగింటికి ఒక్కొక్కదానికి 1 నుంచి 4 వరకు మార్కులు వేసి, 16కు ఎంత వచ్చిందో కాగితంపై రాసి ఇచ్చారు. తిమ్మిరి దగ్గర మార్కు ఎందుకు తగ్గిందో కూడా చెప్పారు.

లోపాలు లేకపోలేదు. టోకెన్ తీసుకున్నాక నిరీక్షణ చాలా ఎక్కువ, నడవాలో కూర్చోవడానికి చోటు చాలదు, మెడ నొప్పితో ఉన్నవారికి అది నిజంగా కష్టం. అంగీకారపత్రం ఇంగ్లీషులో మాత్రమే ఉంది. డాక్టరుగారు నోటితో అంత చక్కగా చెప్పినదంతా తెలుగులో ఒక పేజీగా అచ్చు వేసి ఇస్తే, ఇంటికి వెళ్ళి పెద్దవాళ్ళకు చూపించుకునే వీలుండేది. ఈ విభాగానికి వెళ్ళేవారు తల ఎంఆర్ఐ ఒక్కటే కాకుండా మెడ, వెన్ను ఎంఆర్ఐ కూడా సీడీతో సహా తీసుకువెళ్ళడం మంచిది. మాకు సీడీ లేనందువల్ల స్కానింగ్ సెంటరుకు మళ్ళీ తిరగవలసి వచ్చింది.