12 రెట్ల వేగం అన్న ఎస్‌ఎస్‌డీ: నా బిల్డ్‌కి ఎంత కలిసొచ్చింది?

కంప్యూటర్లో పాత రకం కనెక్షన్ వాడే శాటా ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్) తీసేసి, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ పెట్టాను. సెకనుకు 7,000 ఎంబీ చదువుతుందని పెట్టె మీద రాసుంది. శాటా 550 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి 12 రెట్లకు పైనే అన్న మాట. డ్రైవ్ మంచిదే, నాకు నచ్చింది. పెద్ద వీడియో ఫైళ్లు తెరిస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది. కానీ నేను కొన్నది సీ++ ప్రాజెక్టు బిల్డ్ కోసం, అంటే రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని కోసం. అలాంటి పనికి కొనేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఆ సంగతే వివరంగా రాస్తున్నాను.

పాత డ్రైవ్ మీద పూర్తి బిల్డ్‌కి 200 సెకన్లు పట్టేది. అందులో డిస్క్ కోసం ఆగింది 30. మిగతా 170 ప్రాసెసర్ పని, దాన్ని ఏ డ్రైవూ ముట్టుకోలేదు. 30ని 12తో భాగిస్తే రెండున్నర. 170కి కలిపితే 172.5. పాత 200ని దీనితో భాగిస్తే 1.16. అంతే! డిస్క్ సమయం పూర్తిగా సున్నా అయిపోయినా 200ని 170తో భాగించాలి, 1.18 దాటదు. 1967లో కంప్యూటర్ ఇంజినీర్ జీన్ ఆమ్‌డాల్ చేసిన వాదన నుంచి వచ్చిన సూత్రం ఇదే.

ఇక్కడ చాలామంది వేగాలకు సగటు తీసేస్తారు. 15 శాతం పని (200లో ఆ 30) 12 రెట్లు, 85 శాతం పని మామూలుగా, కాబట్టి మొత్తం 2.65 రెట్లు అంటారు. అది తప్పు. కలపాల్సింది సెకన్లని, వేగాల్ని కాదు. ఆ 15 శాతం కూడా పాత సమయంలో వాటా అయి ఉండాలి.

కొత్త డ్రైవ్ మీద టైమ్ చూస్తే 178 వచ్చింది, 172.5 రాలేదు. పెట్టె మీది అంకె పెద్ద ఫైల్‌ని వరసగా చదివినప్పటిది. బిల్డ్‌లో చదివేవి వేల కొద్దీ చిన్న చిన్న హెడర్ ఫైళ్లు (కోడ్ వాడుకునే ప్రకటనలుండే ఫైళ్లు), అక్కడ డ్రైవ్ అంత వేగం చూపించదు. 30 సెకన్లు 8కి దిగాయి, అంటే నాలుగు రెట్లు కూడా లేదు. మీరు కొలిచేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: లినక్స్ ఒకసారి చదివిన ఫైళ్లని ర్యామ్‌లో ఉంచేసుకుంటుంది, దాన్నే క్యాష్ అంటారు. క్యాష్ ఖాళీ చేయకుండా రెండోసారి బిల్డ్ చేస్తే పాత డ్రైవ్, కొత్త డ్రైవ్ ఒకేలా కనిపిస్తాయి.

మొత్తం మీద డ్రైవ్ వల్ల నాకు దక్కింది 1.12 రెట్లు. ఆ తర్వాత మిగిలిన 178లో ఎక్కడ ఎంత పోతోందో చూశాను. లింకింగ్ (విడివిడిగా తయారైన ముక్కల్ని ఒకే ప్రోగ్రామ్‌గా కలపడం) ఒక్కటే 50 సెకన్లు! ఆ పని చేసే పాత లింకర్ బదులు ఎల్‌ఎల్‌డీ అనే వేగమైన లింకర్ పెడితే అది 10కి వచ్చింది. బిల్డ్ 138కి దిగింది, అంటే 1.29 రెట్లు. డ్రైవ్ కంటే ఎక్కువ, పైగా ఖర్చేమీ లేదు. ప్రాజెక్టు బిల్డ్ నెమ్మదిగా ఉందని డ్రైవ్ కొనబోతున్నవాళ్లు ముందు ఈ పని చేయండి.

వీడియో ఎడిటింగ్‌కి, పెద్ద డేటా ఫైళ్లు అటూ ఇటూ కదిలించే పనికి మాత్రం ఈ డ్రైవ్‌కి ఐదు నక్షత్రాలు ఇస్తాను. అక్కడ సమయమంతా డిస్క్ దగ్గరే పోతుంది. బిల్డ్‌కైతే మూడు. మీ మదర్‌బోర్డులో ఈ డ్రైవ్ పెట్టే ఎం.2 స్లాట్ పాత తరం (జెన్ 3) అయితే వేగం 3,500 దగ్గర ఆగుతుంది. బిల్డ్ కోసమే అయితే దానికి బాధపడనక్కర్లేదు: ఆ 30 సెకన్లు 12 రెట్లు తగ్గినా, 6 రెట్లు తగ్గినా మధ్య తేడా రెండున్నర సెకన్లే.