ఎంఓ-05: రిటైరైన స్విస్ సిపాయి సైకిలు, రోజువారీ వాడకంలో

ఈ సైకిలు మాటెత్తితే అందరూ ముందు అడిగేది బరువు. ఎక్కువే. తొలి రోజుల్లో చేసినవి 23.6 కిలోలు, తర్వాత చేసినవి 21.8 కిలోలు. కానీ ఏళ్ల తరబడి తొక్కాక తేలేది వేరు: ఇబ్బంది బరువుతో కాదు, బ్రేకులతో. బరువుకు కాళ్లు నెమ్మదిగా అలవాటు పడతాయి. బ్రేకుల సంగతి తెలియకుండా దీన్ని వాలులో వదిలితే అలవాటు పడేంత వ్యవధి ఉండదు.

స్విట్జర్లాండ్‌లో సైకిలు దళానికి 1891లో చట్టం వచ్చింది. ఈ నమూనా 1905లో ఖరారైంది, పేరులో 05 అదే. ష్వాల్బే, కాసర్, కోస్మోస్, కొండర్, మాఫాగ్ వంటి తయారీదారులు 1980ల చివరి దాకా అన్నీ కలిపి 68,000కు పైగా చేశారు. అన్నేళ్లలో మూల డిజైన్ దాదాపు మారలేదు. వాడేవాడికి అసలు లాభం ఇదే: ఒక బండి పాడైతే ఇంకో పాత బండి సామాను దీనికి పడుతుంది.

ఫ్రేము ఒకటే సైజు, 57 సెంటీమీటర్లు. మన కొట్టు భాషలో 22 అంగుళాల ఫ్రేముకు కాస్త ఎక్కువ. 155 సెంటీమీటర్ల మనిషి నుంచి 195 సెంటీమీటర్ల మనిషి దాకా అందరికీ అదే ఇచ్చారు. సైన్యం లెక్కలో అది సబబే, కొలతలు ఎన్ని తగ్గితే గిడ్డంగి పని అంత తేలిక. పొట్టివారికి మాత్రం కష్టం. సీటు ఎంత దించినా అడ్డకడ్డీ దిగదు కదా. కొనేముందు రెండు కాళ్లూ నేలకు ఆనించి ఫ్రేము మీదుగా నిలబడి చూడాలి. అలా నిలబడలేకపోతే వదిలేయడమే మంచిది.

గేరు ఒక్కటే: ముందు 50 పళ్లు, వెనక 20 పళ్లు. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 5.2 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 18, 19 కిలోమీటర్లు. చదును రోడ్డు మీద ఇంతకంటే హాయి అయిన లెక్క ఉండదు. క్యారియర్ మీద పది, పదిహేను కిలోలు పెట్టినా నడకలో తేడా తెలియదు, పైగా బండి ఇంకా నిలకడగా సాగుతుంది. ఎత్తు వచ్చిందా, దిగి తోయడమే. అందులో నామోషీ ఏమీ లేదు, దళంలోనూ అదే చేసేవారు.

ఆ దళం చేసిన పని తెలిస్తే బండి తీరు బోధపడుతుంది. 1914లోనూ 1939లోనూ స్విట్జర్లాండ్ సైన్యాన్ని సమీకరించింది గానీ యుద్ధంలోకి దిగలేదు. సైకిలు సిపాయి చేయవలసిందల్లా సరిహద్దుకో, వంతెనకో చప్పుడు లేకుండా, అలసిపోకుండా, సామానంతటితో చేరుకోవడం, కబురు మోయడం, గస్తీ తిరగడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు కటకటలాడిన దేశంలో ఇది చిన్న సంగతి కాదు. ఫ్రేము త్రికోణంలో తోలు సంచి, వెనక క్యారియర్, హ్యాండిల్ ముందు ఇంకో సంచి, చుట్టిన దుప్పటి అన్నీ అందుకే. తర్వాతి దశాబ్దాల్లో ట్యాంకులను కొట్టే ఆయుధాలను కూడా సైకిళ్ల మీదే తీసుకెళ్లారు. 1993లో ఏడు గేర్ల ఎంఓ-93 వచ్చింది, హైడ్రాలిక్ బ్రేకులతో. బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు. 2003లో దళాన్నే రద్దు చేశారు.

ఇక బ్రేకులు. వెనక చక్రానిది కోస్టర్ బ్రేకు, అంటే పెడలు వెనక్కి తొక్కితే పడుతుంది. హబ్బు, అంటే చక్రం మధ్య డబ్బా, లోపలి గొట్టం విచ్చుకుని హబ్బు గోడకు లోపలి నుంచి ఒరుసుకుంటుంది. వానలో, బురదలో దీనికి సాటి లేదు. కానీ ఆ రాపిడి వేడంతా హబ్బులోనే ఉండిపోతుంది. పొడుగాటి వాలులో ఆపకుండా తొక్కిపట్టి ఉంచితే గ్రీజు కాలి, పొగ వాసన వచ్చి, పట్టు ఒక్కసారిగా మారిపోతుంది. కొన్నిసార్లు బ్రేకు జారుతుంది, కొన్నిసార్లు కరిచి చక్రం బిగుసుకుంటుంది. అందుకని వాలు మొదలవక ముందే వేగం తగ్గించాలి. నొక్కి వదులుతూ దిగాలి. హబ్బు చేతికి చురుక్కుమంటే ఆగి చల్లారనివ్వాలి. నీళ్లు పోయకూడదు. బాగా నిటారు వాలైతే దిగి నడిపించుకుపోవడమే.

వెనక బ్రేకు విషయంలో మరచిపోకూడనివి రెండు. మొదటిది, చైను పడిపోతే ఆ బ్రేకు లేనట్టే. చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే సుమారు ఒక సెంటీమీటరు ఆట ఉండాలి. అంతకంటే వదులైతే జారుతుంది, బిగువైతే బేరింగులు తినేస్తుంది. పెడలు ఒక పూర్తి చుట్టు తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి, ఎందుకంటే పాత పళ్ల చక్రాలు సరిగ్గా గుండ్రంగా ఉండవు. రెండోది, హబ్బు ఎడమవైపు నుంచి ఫ్రేముకు బిగించే పట్టీ. బ్రేకు వేసినప్పుడు ఇరుసు తిరగకుండా ఆపేది అదే. పంచరు వేసి చక్రం ఎక్కించాక దాని బోల్టు మరిచిపోతే మొదటి గట్టి బ్రేకుకే పట్టీ వంగి, ఇరుసు తిరిగి, బేరింగులను పట్టి ఉంచే కోన్లు బిగుసుకుపోతాయి. ఈ బండికి వచ్చే పెద్ద రిపేర్లలో సగం ఇలా తెచ్చుకున్నవే.

ముందు బ్రేకు నేరుగా టైరు మీద నొక్కే రబ్బరు కట్ట. హ్యాండిల్ నుంచి కడ్డీ కిందికి దిగి దాన్ని టైరుకు అదుముతుంది. పొడి రోడ్డు మీద వేగం తగ్గిస్తుందే గానీ, ఆపుతుందని నమ్మకూడదు. తడిలో దాదాపు సున్నా. కట్టకీ టైరుకీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. గాలి తగ్గితే ఆ సందు పెరుగుతుంది, కాబట్టి ముందు టైరు పంచరైతే ముందు బ్రేకు కూడా పోయినట్టే. గుబ్బల టైరు వేస్తే రబ్బరు కట్ట చెక్కుకుపోతుంది, చిన్న రాయి ఇరుక్కుంటే టైరుకే గాటు పడుతుంది. నున్నటి టైరే వేయాలి. కొన్ని బండ్లకు తర్వాతి కాలంలో వెనక డ్రమ్ బ్రేకు కూడా అదనంగా చేర్చారు. కొండ ఊళ్లలో ఉండేవారు డబ్బు ఎక్కువైనా అలాంటిదే వెతుక్కోవాలి. నా మటుకు ఇది మొదటి షరతు.

టైరు దగ్గర చాలామంది మోసపోతారు. ఇది 26×1½, అంటే 584 మిల్లీమీటర్ల రిమ్ము. 26×1⅜ అని ఉండేది 590, కొండ సైకిలు 26 అంగుళాలది 559. మూడూ "ఇరవయ్యారే", ఒకదానిది ఇంకోదానికి పట్టదు. టైరు పక్కన 584 అంకె కనబడితేనే కొనాలి. 650బి పేరుతో కొత్త సైకిళ్లు వచ్చాక ఈ కొలత టైర్లు మళ్లీ తేలిగ్గా దొరుకుతున్నాయి. మడ్‌గార్డు సందు చూసుకుని 38 లేదా 40 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. ముందు 45, వెనక 55 పౌండ్ల గాలి సరిపోతుంది. టైరు లేకపోయినా బండి నడుస్తుందన్నది 1941-42లో జపాన్ సైకిలు దళాలు మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, చేసి చూపించాయి. మనవాళ్లు కూలికి వెళ్లిన రబ్బరు తోటల దేశంలో, టైర్లు చిరిగిపోతే ఆ సైనికులు వట్టి రిమ్ముల మీదే రోడ్డంతా గలగలమనిపిస్తూ సింగపూరు వైపు దిగారు. వాళ్లవి చాలావరకు దారిలో లాక్కున్న సైకిళ్లు, రిమ్ము పోతే ఇంకోటి. 584 మంచి రిమ్ము సంపాదించడం ఎంత కష్టమో తెలిసినవాడు ఆ పని చేయడు.

పెడలు కడ్డీలు ఇరుసుకు కాటర్ పిన్నులతో, అంటే ఒక పక్క ఏటవాలుగా చెక్కిన ఇనప చీలలతో, బిగిసి ఉంటాయి. తొక్కేటప్పుడు ప్రతి చుట్టుకూ "టక్" మంటే కాటర్ వదులైనట్టు. ఆ చప్పుడుతోనే తొక్కుతూ పోతే పిన్ను అరిగి, తర్వాత కడ్డీ రంధ్రమే అరుగుతుంది, దానికి మందు లేదు. పాత పిన్ను తీసి వెర్నియర్‌తో కొలిచి అదే మందం తెచ్చుకోవాలి, అర మిల్లీమీటరు తేడా కూడా కుదరదు. పిన్నును సుత్తితో కొట్టి దించాలి, కింద గట్టి ఆధారం పెట్టి కొట్టాలి. నట్టు గుంజి బిగిస్తే మర తెగుతుంది. రెండు వైపులా పిన్నులు ఎదురెదురు దిశల్లో ఉండాలి, లేకపోతే పెడళ్లు ఒకే గీతలో నిలవవు. బిగించాక కాసేపు తొక్కి, ఇంకోసారి కొట్టి, నట్టు మళ్లీ బిగించాలి.

తోలు సీటు గురించి చెప్పేది తక్కువ: తడిస్తే నీడలో ఆరబెట్టాలి, తడిగా ఉన్నప్పుడు కూర్చుంటే సాగిపోతుంది. లైటుకు ఫోర్కు మీది డైనమోయే ఆధారం, కరెంటు ఫ్రేము గుండా తిరిగి వెళుతుంది. బల్బు వెలగకపోతే ముందు బిగింపు దగ్గర పెయింటు, తుప్పు గీకి చూడాలి.

సైకిలు దళంవారు దీన్ని ఇంటి దగ్గర ఉంచుకుని మామూలు పనులకూ తొక్కేవారు. అందుకే ఇప్పుడు దొరికే బండ్ల అరుగుదల ఒకలా ఉండదు. ఒకటి గిడ్డంగిలోంచి కొత్తగా వచ్చినట్టుంటుంది, ఇంకోటి పాల క్యాన్లు మోసి నలిగి ఉంటుంది. పెయింటు మెరుపు చూసి డబ్బు ఇవ్వకూడదు. ఫోర్కు పై భాగంలో వంకర ఉందేమో పక్క నుంచి చూడాలి. చక్రం పుల్లలు (స్పోకులు) దిగిన చోట్ల రిమ్ములో పగుళ్లు వెతకాలి. చక్రం ఎత్తి తిప్పి వెనక్కి తొక్కితే బ్రేకు పావు చుట్టులోపు పట్టుకోవాలి. ఫ్రేము మీద తయారీ నంబరు ఉండాలి, చెరిపేసి ఉంటే ఆ బండి వద్దు. తోలు సంచుల కుట్లు తెగినా పర్లేదు, చెప్పులు కుట్టేవాడు వేస్తాడు. తోలే పగిలి ఉంటే వేయలేడు.

చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలో తొక్కితే ఇంటికి రాగానే మామూలు నీళ్లతో కడిగి, తుడిచి, చైనుకు నూనె పెట్టాలి. హబ్బు మీదికి నీళ్ల ఫోర్సు కొట్టకూడదు. ఏడాదికొకసారి హబ్బు విప్పి, పాత గ్రీజు కిరసనాయిలుతో కడిగి, వేడికి కరగని గ్రీజు పెట్టాలి. బేరింగు గోళీల దగ్గర నిండుగా, బ్రేకు గొట్టం మీద పల్చటి పూత. ప్రయాణంలో వెంట ఉండాల్సినవి: ఇరుసు నట్లకు సరిపడే స్పానరు, పట్టీ బోల్టుకు ఇంకో చిన్న స్పానరు, 584 ట్యూబు, ఒక జత కాటర్ పిన్నులు, సుత్తి. సుత్తి ఎందుకని నవ్వేవారు ఉంటారు, దారిలో కాటర్ వదులయ్యే దాకా.