మూడు వేసవులు దాటిన మా మొక్కల తొట్టి

2023 సంక్రాంతి సెలవుల్లో పెట్టిన రెండడుగుల మొక్కల అక్వేరియం ఇది. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 36. నిండా పోస్తే 65 లీటర్లకు కాస్త తక్కువ పడుతుంది. విజయవాడ పాయకాపురంలో రెండో అంతస్తులో మా హాల్లో ఉంది. ఇప్పటికి మూడు వేసవులు, ఒక వరద చూసింది. కొత్తగా పెట్టాలనుకునేవాళ్ళు ముందు ఏ మొక్కలు కొనాలి, ఏ లైటు కొనాలి అని అడుగుతారు. తొట్టి చూడముచ్చటగా ఉండాలన్నా, మన ఎండలకు నిలవాలన్నా, నీళ్ళు పోయకముందు చేసిన పనే ఎక్కువ ఉపయోగపడిందని నా అనుభవం.

మొదటిసారి ఆ పని సరిగా చేయలేదు. పెద్ద రాయిని సరిగ్గా మధ్యలో పెట్టి, పది రకాల మొక్కలను ఆకుకూర మడిలా వరసలుగా నాటాను. రెండు నెలల్లో అంతా ఒకే పొద అయిపోయింది. చేపలు కూడా కనిపించేవి కావు. మార్చిలో మొత్తం తీసేసి మళ్ళీ మొదలుపెట్టాను.

ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెట్టుకుంటాం కదా. తొట్టిలో ఆ చుక్కలు రాళ్ళు, కర్ర. నీళ్ళు, మొక్కలు లేకుండా వాటిని మాత్రమే పెట్టి, సోఫాలో కూర్చుని పది రోజులు చూశాను. రోజూ ఏదో ఒకటి కాస్త జరిపేవాడిని. పెద్ద రాయిని ఎడమ అంచు నుంచి 23 సెంటీమీటర్ల దగ్గర పెట్టాక చూపు అక్కడ నిలిచింది. పొడవును 1కి 1.618 పాళ్ళలో విడగొడితే వచ్చే చోటు అదే. మొత్తం మూడు రాళ్ళు, మూడూ వేరు వేరు సైజులు, వాటి మీది గీతలన్నీ ఒకే వైపుకు వాలి ఉంటాయి. కుడివైపు ముందు భాగంలో ఇసుక ఖాళీగా వదిలి, ఆ ఖాళీని వెనక్కి పోయేకొద్దీ సన్నని బాటలా చేశాను. అడుగు వెడల్పు తొట్టి అంతకు రెండింతలు లోతుగా కనిపించడం మొదలైంది.

మొక్కల అక్వేరియానికి ప్రపంచమంతటా పేరు తెచ్చిన జపాన్ కళాకారుడు తకాషి అమానో. 1982లో ఆక్వా డిజైన్ అమానో సంస్థను పెట్టారు, 2015లో పోయారు. ఆయన తొట్ల ఫొటోలు ఎన్నిసార్లు చూసినా నా కళ్ళు మొక్కల మధ్య వదిలిన ఖాళీ దగ్గరే ఆగేవి. మొదటిసారి నేను వదలనిది ఆ ఖాళీనే.

రాళ్ళ విషయంలో ఒక జాగ్రత్త. మా బంధువు ఒకరు పిడుగురాళ్ళ వైపు నుంచి భలే అందమైన రాళ్ళు తెచ్చిచ్చారు. వెనిగర్ చుక్కలు వేస్తే బుసబుసమని నురగ వచ్చింది. అంటే సున్నపురాయి. అది నెమ్మదిగా కరిగి నీటి కఠినత్వాన్ని పెంచుతుంది. మా బోరు నీళ్ళకు గీజరులోనే తెల్లటి పెచ్చు కడుతుంది, ఇంకా పెంచుకోవడం ఎందుకని వాటిని తులసికోట చుట్టూ పెట్టేశాం. తొట్టిలోకి నురగ రాని నల్లరాళ్ళే వేశాను. నీళ్ళు కుళాయివి పట్టి, క్లోరిన్ పోయే మందు చుక్కలు వేసి పోస్తాను.

తొట్టి అడుగున వేయడానికి షాపులో అమ్మే ఆక్వా సాయిల్, అంటే నీటి మొక్కల కోసం తయారుచేసిన మట్టి, కొనలేదు. జల్లించిన వర్మీకంపోస్టు అర అంగుళం వేసి, దాని మీద కృష్ణ ఇసుక పోశాను. ఆ ఇసుకను ముందు జల్లెడ పట్టి, సన్నది తీసేసి ముతక గింజలే వాడాలి. సన్న ఇసుక బిగుసుకుపోయి వేళ్ళకు ఊపిరాడనివ్వదు. ముందు అద్దం దగ్గర రెండంగుళాల మేర కంపోస్టు వేయకుండా వదిలేస్తే నల్ల చార కనిపించదు. మూడేళ్ళు కావస్తున్నా ఇది బాగానే పనిచేస్తోంది. లోపం ఒకటే. మొక్క పీకితే కంపోస్టు పైకి లేచి రెండు రోజులు నీళ్ళు మురికిగా ఉంటాయి.

ముందు 3 సెంటీమీటర్లు, వెనుక 10 సెంటీమీటర్లు ఉండేలా ఇసుకను ఏటవాలుగా పోశాను. ఏడాది తిరిగేసరికి జారి దాదాపు సమానమైపోయింది. పొలానికి గట్టు వేసినట్టు, లోపల అడ్డంగా రాతి పలకలు నిలబెట్టి, వాటి వెనుక ఇసుక పోయాలి. ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడు రెండు పలకలు ఉన్నాయి, ఇసుక కదలలేదు.

మొక్కల్లో నాకు అన్నిటికన్నా నమ్మకమైనవి అనూబియాస్, జావా ఫెర్న్. రెండిటినీ కర్రకు నల్ల దారంతో కట్టాను. వాటి దుంప లాంటి కాండాన్ని ఇసుకలో పూడ్చితే కుళ్ళిపోతుంది. క్రిప్టోకోరైన్ నాటిన పది రోజులకు ఆకులన్నీ జావలా కరిగిపోయాయి. చచ్చిందనుకుని ఒకటి పీకేశాను. వదిలేసిన రెండోది నెల తిరక్కుండా కొత్త ఆకులు వేసి, ఇప్పుడు తొట్టిలో అన్నిటికన్నా ఒత్తుగా ఉంది. వెనుక వరస వాలిస్నేరియా. ద్రవరూపంలో కార్బన్ అని అమ్మే సీసా మందు ఒకటి వాడితే, వారంలో ఆ పొడుగాటి ఆకులన్నీ గాజులా పలచబడి మెత్తబడిపోయాయి. వాలిస్నేరియాకు ఆ మందు పడదని షాపువాళ్ళు చెప్పలేదు. ఏలూరు కాలువ నుంచి తెచ్చిన హైడ్రిల్లా బాగా పెరిగింది కానీ దానితో నత్తలు, తూనీగ పిల్లలు వచ్చాయి. తూనీగ పిల్లలు చిన్న చేపపిల్లలను తినేస్తాయి. కాలువ మొక్క తెస్తే కనీసం రెండు వారాలు బకెట్లో విడిగా ఉంచి, రోజూ చూసి వేయండి.

ఇక ఎండ. మొదటి మే నెలలో నీటి ఉష్ణోగ్రత 33 డిగ్రీలకు వెళ్ళింది. ఆరు నియాన్ టెట్రాలూ వారంలో పోయాయి. చాలా బాధపడ్డాను, అవి అంత వేడి నీటిని తట్టుకోలేవని కొనేముందే తెలుసుకోవాల్సింది. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కూడా. ఇప్పుడు మూత తీసి, నీటి మీదకు గాలి తగిలేలా చిన్న టేబుల్ ఫ్యాన్ పెడుతున్నాను. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. దానివల్ల నీళ్ళు రోజూ తరుగుతాయి. తరిగినంత ఆర్వో నీళ్ళే పోయాలి, మామూలు నీళ్ళు పోస్తూపోతే లవణాలు పేరుకుంటాయి. చేపలు ఇప్పుడు ఎనిమిది జీబ్రా డానియోలు, ఒక జత హనీ గౌరమీలు. రెండు వేసవుల్లో ఒక్కటీ పోలేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి నీళ్ళు వచ్చాయి. కింది అంతస్తు మునిగింది, వాళ్ళు సామాన్లతో మా ఇంట్లోకే వచ్చారు. రోజుల తరబడి కరెంటు లేదు. అందరికీ తాగే నీళ్ళు ఎలాగన్నదే టెన్షన్. అయినా అమ్మ అటు వెళ్ళినప్పుడల్లా మగ్గుతో తొట్టి నీళ్ళు తీసి, గాలి కలిసేలా జానెడు ఎత్తు నుంచి అందులోనే పోసేది. నేను ఫిల్టర్‌లోని స్పాంజిని తీసి తొట్టిలో వేశాను. మూసి ఉన్న ఫిల్టర్ డబ్బాలో నీళ్ళు కదలకుండా ఉంటే, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఐదు రోజులు మేత వేయలేదు. చేపలు తక్కువ ఉండబట్టే గట్టెక్కాయని నమ్ముతున్నాను. ఆ తర్వాత, కరెంటు లేకపోయినా నీళ్ళలోకి గాలి పంపే చార్జింగ్ ఎయిర్ పంపు కొన్నాను. కొత్తవాళ్ళు లైటుకన్నా ముందు దీన్ని కొనుక్కోవాలి.

అంచుకు తగిలించే ఆ ఫిల్టర్ తర్వాత చెడిపోయింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నీళ్ళు పోస్తేగానీ తిరిగేది కాదు. ఇప్పుడు స్పాంజ్ ఫిల్టర్ వాడుతున్నాను, అందం తక్కువే కానీ జావా ఫెర్న్ వెనుక దాక్కుంది. లైటు టైమర్ మీద రోజుకు ఆరు గంటలు. ఎనిమిది గంటలు ఉంచినప్పుడు అద్దం మీద పచ్చని పొర వారానికే వచ్చేది. తూర్పు కిటికీ పక్క నుంచి తొట్టిని జరిపాక నీళ్ళు పచ్చబడటమూ ఆగింది. వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చడం తప్ప వేరే పని పెద్దగా లేదు.

తొట్టి, స్టాండు, లైటు, మొక్కలు అన్నీ కలిపి నాకు తొమ్మిది వేల దాకా అయింది. అందులో రెండు వేలు మొదటిసారి నాటి పారేసిన మొక్కలవే. మళ్ళీ పెడితే నాలుగు రకాలే కొంటాను. పోయిన నెలలో కర్ర మీది అనూబియాస్ నీళ్ళలోనే తెల్లగా పూసింది. ఆ పువ్వు నీడలో గౌరమీలు రెండూ ఆగి ఉంటే, రాత్రి లైటు ఆరేదాకా అమ్మ కుర్చీ అక్కడే వేసుకుని కూర్చుంది.