రెడ్‌హిల్స్ బియ్యం గోడౌనులో ఏడేళ్ళు కట్టిన నడుము బెల్టు

చెన్నై ఉత్తర శివారు రెడ్‌హిల్స్‌లోని ఒక బియ్యం గోడౌనులో నేను పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. నెల్లూరు వైపు నుండి వచ్చే లారీలను దించడం, బస్తాలను వరుసలు పేర్చడం, చిల్లర దుకాణాల బండ్లకు ఎక్కించడం ఇక్కడి పని. 2017లో 650 రూపాయలు పెట్టి, బరువులెత్తేటప్పుడు ఆసరాగా కట్టుకునే ఒక నడుము బెల్టు కొన్నాను. అది పాడైతే ఇంకొకటి చొప్పున 2024 దాకా మూడు వాడాను. మధ్యలో, 2022లో, మా యజమాని హ్యాండ్ ప్యాలెట్ ట్రక్, అంటే ప్యాలెట్‌ను (సరుకు పేర్చే చెక్క బల్లను) సరుకుతో సహా కాస్త పైకెత్తి చేత్తో నెట్టుకెళ్ళే బండి, తెప్పించారు. ఈ రెండింటితోనూ ఏళ్ళ తరబడి పనిచేశాను కనుక, బెల్టు కొనబోయేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

బెల్టు తయారీకి వంక పెట్టలేను. వెడల్పాటి ఎలాస్టిక్, వెనుక నిలువుగా నాలుగు ప్లాస్టిక్ బద్దలు, ముందు రెండు పొరల వెల్‌క్రో, భుజాల మీదుగా పట్టీలు ఉన్నాయి. ఎలాస్టిక్ రెండేళ్ళు నిలిచింది గాని, తవుడు దుమ్మూ సంచుల పీచూ చేరి వెల్‌క్రో ఎనిమిది నెలలకే పట్టు తప్పింది. పాత పళ్ళ బ్రష్‌తో ఆ పీచు లాగేస్తే మరో రెండు నెలలు పనిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మధ్యాహ్నానికే చెమటకు నానిపోయి, నడుము చుట్టూ పొక్కులు వచ్చేవి.

కట్టుకుంటే కడుపు బిగువుగా ఉండి, నడుము ఎక్కువ వంగదు. ఆ బిగువునే నేను బలమని పొరబడ్డాను. 2021 నవంబరులో ఒక సాయంత్రం వాన పడుతుండగా, సరుకు తడవకముందే దించాలన్న తొందరలో, లారీ తొట్టి అడుగు వరుసలోని 25 కిలోల బస్తా ఎత్తి, పాదాలు కదపకుండానే వెనుక నిలబడిన లోడ్‌మన్ భుజానికి అందించబోయాను. బెల్టు బిగించే ఉంది. నడుములో చురుక్కుమన్న నొప్పి ఎడమ పిక్క దాకా పాకి, బస్తా చేజారింది. నాలుగో, ఐదో నడుము పూసల మధ్య డిస్కు ఉబ్బిందని స్కానింగులో తేలింది. ఐదు వారాలు పనికి వెళ్ళలేకపోయాను. నేను చేరిన కొత్తలో మా ఊరివైపు పెద్దాయన ఒకరు పదేపదే హెచ్చరించేవారు: "అబ్బయా, పాదం తిప్పు, నడుం తిప్పబాక." బెల్టు వచ్చాక ఆ మాటను నేను వదిలేశాను.

అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ నియోష్ 160 దుకాణాల్లో సరుకు మోసే 9,000 మందికి పైగా ఉద్యోగులను పరిశీలించి, బెల్టు కట్టుకోవడం వల్ల నడుము దెబ్బలు తగ్గినట్లు ఆధారం కనిపించలేదని 2000లో ప్రకటించింది. నాకు అంతకన్నా పనికొచ్చింది అదే సంస్థ బరువుల లెక్క. దాని ప్రకారం, బరువు నేల నుండి 75 సెంటీమీటర్ల ఎత్తులో, చీలమండల నుండి 25 సెంటీమీటర్ల దూరంలో ఉండి, నడుము మెలిపెట్టకుండా, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తే పరిస్థితిలో ఎత్తదగిన బరువు పరిమితి 23 కిలోలు. అదే బరువు 50 సెంటీమీటర్ల దూరానికి జరిగితే పరిమితి సగానికి, అంటే 11.5 కిలోలకు, పడిపోతుంది. 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగు బియ్యంపై 2022 జూలైలో జీఎస్టీ వేశాక వాడుకలోకి వచ్చిన 26 కిలోల బస్తా, ఎంత జాగ్రత్తగా ఎత్తినా ఆ పరిమితిని దాటే ఉంటుంది. అందుకే అడుగు వరుసలో దూరంగా ఉన్న బస్తాను ఇప్పుడు ముందు అంచుకు లాక్కుని, పొట్టకు ఆనించుకున్నాకే ఎత్తుతాము, లేదా ఇద్దరం పట్టుకుంటాము.

ప్యాలెట్ ట్రక్ వచ్చాక పని తీరే మారింది. 2,500 కిలోలు మోయగల ఆ బండిపై నలభై బస్తాలు ఒకేసారి కదులుతాయి. బస్తాలు పేర్చే చోట మూడు ఖాళీ ప్యాలెట్లు ఒకదానిపై ఒకటి వేసి, పైన వరుస మొదలుపెడుతున్నాము కనుక మోకాలి కిందికి వంగే పని దాదాపు పోయింది. వరుసను రొమ్ము ఎత్తు దాటనివ్వము. దీనికీ లోపాలున్నాయి. గచ్చు అతుకుల దగ్గర చక్రం తట్టుకుంటుంది, ముందు రోలర్లలో సంచుల దారం చుట్టుకుంటుంది. కదలని బండిని వెనక్కి చెయ్యి చాచి ఒక్కసారిగా గుంజితే నడుముకు మళ్ళీ అదే హాని. హ్యాండిల్‌కు ఎదురుగా నిలబడి, ఒంటి బరువుతో మెల్లగా నెట్టాలి.

డాక్టరు సలహా మీద నొప్పి తిరగబెట్టిన రోజుల్లో బెల్టు కాసేపు కట్టుకుంటాను. ఆ సమయంలో బస్తా ముట్టను. గాయం లేనివారు నివారణ కోసమని కొనడాన్ని నేను సమర్థించను. చేతిలో 650 రూపాయలే ఉంటే పాత చెక్క ప్యాలెట్లు రెండు తెచ్చుకోండి. మేకులు పైకి లేచాయేమో, కింది పలకలు చీలాయేమో తిరగేసి చూసి తీసుకోవాలి.