బిడ్డకు డబ్బా పాలు: బెంగళూరులో ఏడాది వాడాక

పాపకు మొదటి పుట్టినరోజు వచ్చేదాకా మా ఇంట్లో తల్లిపాలు, డబ్బా పాలు రెండూ నడిచాయి. కాన్పయ్యాక నాకు పాలు ఆలస్యంగా పడ్డాయి, పాప బరువు తగ్గింది, పిల్లల డాక్టరు టాప్ ఫీడ్, అంటే తల్లిపాలకు తోడుగా డబ్బా పాలు, రాశారు. తర్వాత పాలు పడ్డా పాపకు చాలలేదు. సెలవు అయిపోయి ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాక పగలంతా డబ్బా పాలే. తల్లిపాలు సరిపోతున్నవాళ్లకు ఈ రివ్యూతో పనిలేదు. హాయిగా పాలివ్వండి, మొదటి ఆరు నెలలు ఇంకేమీ అక్కర్లేదు. డాక్టరు రాసిన చీటీ పట్టుకుని మెడికల్ షాపు ముందు నిలబడి టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం ఇది.

మారతహళ్లి చుట్టుపక్కల ఏ షాపుకెళ్లినా అరలో కనిపించేవి దాదాపు ఒకటే: నాన్ ప్రో, ల్యాక్టోజెన్, సిమిలాక్, ఆప్టామిల్, ఎన్‌ఫామిల్, అడుగున ఎక్కడో అముల్‌స్ప్రే. నేను వాడినవి వీటిలో రెండు. పేర్లు కావాలనే రాయడం లేదు. ఒకటి ఖరీదైనది, రెండోది అంతకన్నా బాగా చవక. పాప బరువులో గానీ నిద్రలో గానీ నాకు తేడా కనబడలేదు. పుట్టినప్పటి నుంచి ఆరు నెలల దాకా ఇచ్చే ఒకటో నంబరు పాలపొడి ఏ కంపెనీదైనా ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన కొలతలకు లోబడే ఉండాలి. ప్రోటీన్ ఇంత, కొవ్వు ఇంత, ఐరన్ ఇంత అని కనిష్ఠం, గరిష్ఠం ముందే గీసి ఉంటాయి. కంపెనీలు ఆటాడుకునేది ఆ గీతల మధ్యలోనే.

ఆ కాస్త చోటులో నేను చూసుకున్నవి రెండే. మొదటిది పిండి పదార్థం ఎక్కడి నుంచి వస్తుందన్నది. లాక్టోజ్ అనే పాల చక్కెర అయితే సరే, తల్లిపాలలో ఉండేదీ అదే. మాల్టోడెక్స్‌ట్రిన్ (గంజిపిండి నుంచి తీసేది), సుక్రోజ్ (మామూలు పంచదార) లాంటి పేర్లు ముందు వరుసలో కనిపిస్తే పెట్టె వెనక్కి పెట్టేశాను. రెండోది పాలలో ఉండే వే, కేసీన్ అనే రెండు రకాల ప్రోటీన్ల పాళ్లు. తల్లిపాలలో ఇవి దాదాపు 60:40, ఆవుపాలలో తలకిందులుగా 20:80. కేసీన్ కడుపులో గట్టి పెరుగులా కడుతుంది, అరగడానికి టైం పడుతుంది. పదార్థాల జాబితాలో వే పేరు ఉందా, ఎంత ముందు ఉంది అని చూస్తే ఒక అంచనా వస్తుంది. డీహెచ్‌ఏ అనే కొవ్వు, మెదడు, తెలివితేటలు అంటూ ఉండే కబుర్లు చదవడం మాత్రం రెండో పెట్టెతోనే మానేశాను.

ఇక్కడ ఒక చట్టం గురించి చెప్పాలి. 1992లో వచ్చి 2003లో సవరించిన ఐఎంఎస్ (ఇన్‌ఫాంట్ మిల్క్ సబ్‌స్టిట్యూట్స్) చట్టం ప్రకారం మన దేశంలో పాలపొడికీ, పాలసీసాకూ ప్రకటనలు ఇవ్వకూడదు, ఉచిత శాంపిళ్లు పంచకూడదు, డబ్బా మీద పసిపిల్లల బొమ్మ వేయకూడదు. తల్లిపాలే శ్రేష్ఠమని పెద్ద అక్షరాలతో రాయాలి. అందుకే టీవీలో వీటి యాడ్ మీరెప్పుడూ చూసి ఉండరు. ఈ కట్టడి నాకు నచ్చింది, కానీ దాని వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. సమాచారమంతా చుట్టాల నోటి నుంచే వస్తుంది. 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ మన దేశంలో అమ్మే సెరెలాక్‌లో కలిపిన చక్కెర గురించి బయటపెట్టినప్పుడు మా వాట్సాప్ గ్రూపు అదిరిపోయింది. 'నువ్వు పాపకు పట్టేది అదేనా?' అని మదనపల్లె నుంచి ఒకరు, ప్రొద్దుటూరు నుంచి ఒకరు ఫోన్లు. అది ఆరు నెలలు దాటాక తినిపించే సీరియల్, నేను పట్టేది పాలపొడి అని ఒక్కొక్కరికీ విడమరచి చెప్పేసరికి ఆ ఆదివారం కాస్తా అయిపోయింది.

అసలు పాట్లన్నీ నీళ్ల దగ్గరే. డబ్బా పాలలో నూటికి దాదాపు 87 వంతులు నీళ్లే కదా. వేల రూపాయలు పెట్టి కొనే పొడి గురించి నెలల తరబడి తర్జనభర్జన పడే మనం, అందులో పోసే నీళ్ల గురించి ఎంతసేపు ఆలోచిస్తాం? మున్నేకొళాలలో మా అపార్ట్‌మెంటుకు అప్పట్లో కావేరి నీళ్లు లేవు, బోరు నీళ్లే. కెటిల్‌లో నాలుగుసార్లు కాచితే అడుగున తెల్లటి గార పేరుకుపోయేది. గోటితో గీకితే పెంకుల్లా ఊడొచ్చేది. కాచితే క్రిములు చస్తాయి, సరే. గారగా పేరుకునేది పోగా మిగిలిన లవణాలు, నైట్రేటు, ఫ్లోరైడు ఎక్కడికీ పోవు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకాస్త చిక్కబడతాయి కూడా. బెంగళూరు చుట్టుపక్కల బోర్లలో నైట్రేటు సమస్య ఉన్నదే, పసిపిల్లల రక్తానికి అది మంచిది కాదు. అందుకని ఆర్వో నీళ్లు పట్టి, వాటినే కాచి వాడాం.

2024 వేసవి వచ్చింది. ఆ మార్చిలో నగరంలో సర్కారు బోర్లు దాదాపు సగం ఎండిపోయాయి, ట్యాంకర్ల ధరలకు కలెక్టరాఫీసు పరిమితి పెట్టాల్సి వచ్చింది. మా బోరు కూడా చేతులెత్తేసింది. ట్యాంకరు నీళ్లు ఒకరోజు ఒక రంగు, ఇంకోరోజు ఒక వాసన. ఆర్వో మెషీను ఫిల్టరు రెండు నెలలకే మూసుకుపోయింది. అప్పుడు పాప కోసం విడిగా 20 లీటర్ల క్యాన్లు తెప్పించాం. ఇందులోనూ చూసుకోవాల్సింది ఉంది. వీధి చివర ప్లాంటులో నింపి ఇచ్చే మూత ఊడిన క్యాను వేరు, ఐఎస్‌ఐ గుర్తు పైన ఐఎస్ 14543 అని ఉన్న సీలు క్యాను వేరు. మినరల్ వాటర్ అంటే మంచిదేమోనని ఖరీదైన సీసాలు కొనకండి. సహజ మినరల్ వాటర్‌కు నంబరే వేరు, ఐఎస్ 13428. అందులో లవణాలు బ్రాండును బట్టి మారతాయి, కొన్నింటిలో సోడియం పసివాళ్లకు ఎక్కువవుతుంది. క్యాను నీళ్లయినా కాచాల్సిందే.

ఎంత వేడిలో కలపాలన్న దాని మీద రెండు మాటలు వినబడతాయి. పాలపొడి స్టెరైల్ కాదు, అందులో క్రోనోబాక్టర్ లాంటి సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అందుకే నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకుండా కలిపి, తర్వాత చల్లార్చి పట్టమంటారు. కొన్ని పెట్టెల మీద మాత్రం కాచి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లు అని ఉంటుంది. మంచి బ్యాక్టీరియా కలిపిన పొడుల్లో అది చావకూడదని అలా రాస్తారు. నేను డాక్టరునే అడిగాను. రెండు నెలల లోపు పిల్లలకూ, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకూ వేడి నీళ్ల పద్ధతే పాటించమన్నారు. మేం ఆ తర్వాత కూడా అదే కొనసాగించాం. ఫ్లాస్కులో మరిగిన నీళ్లు పోసి పెట్టుకుంటే అరగంట లోపు కలిపేయొచ్చు. కలిపాక గిన్నెను చల్లనీళ్లలో పెట్టి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టేదాన్ని.

కొలత గురించి గట్టిగా చెప్పాలి. మేము వాడిన రెండింటిలోనూ 30 మి.లీ. నీళ్లకు ఒక చెంచా. ముందు నీళ్లు, తర్వాత పొడి. చెంచా గీసి సమం చేయాలి, అదమకూడదు. అమెరికాలో ఉండే మా ఆడపడుచు ప్రేమగా ఒక పెద్ద డబ్బా మోసుకొచ్చింది. దాని చెంచా మన చెంచా కన్నా పెద్దది, అక్కడి డబ్బాలు చాలావాటిలో 60 మి.లీ.కి ఒకటి. ఆ చెంచాతో మన పొడి కలిపితే పాలు చిక్కబడి, బిడ్డకు మలబద్ధకం నుంచి ఒంట్లో నీరు తగ్గిపోవడం దాకా ఏదైనా కావచ్చు. మన చెంచాతో ఆ డబ్బా పొడి కలిపితే పాలు పలచబడి బిడ్డ బరువు పెరగదు. ఏ డబ్బా చెంచా ఆ డబ్బాకే. పెట్టెలో వచ్చే రీఫిల్ ప్యాకెట్ కొంటే పొడిని పూర్తిగా ఆరిన స్టీలు డబ్బాలోకి మార్చి, పెట్టె మీద బ్యాచ్ నంబరు, గడువు ఉన్న ముక్క కత్తిరించి డబ్బాకు రబ్బరు బ్యాండుతో కట్టేదాన్ని. బెంగళూరు వానాకాలంలో మూత కాస్త వదులైనా పొడి ఉండలు కడుతుంది. తెరిచిన డబ్బా నెలలోపు ఖాళీ కావాలి, లేదంటే పారేయాలి.

మిగిలిన పాల దగ్గర మా అత్తమ్మకూ నాకూ రోజూ పంచాయితీయే. కలిపిన రెండు గంటల్లో పట్టాలి, బిడ్డ నోరు పెట్టాక గంటలోపు అయిపోవాలి, మిగిలింది పారబోయాలి. "ఏమ్మా, ఇంత ఖరీదైన పాలు సింకులో పోస్తావా? కాసేపాగి వెచ్చబెట్టి పట్టకూడదూ?" అనేవారు. కూడదని డాక్టరు నోటితోనే చెప్పించాక ఒప్పుకున్నారు గానీ పారబోయడానికి మనసొప్పక బాల్కనీలో కరివేపాకు కుండీలో పోయడం మొదలుపెట్టారు. వారానికల్లా చీమల బారు వంటింటి దాకా వచ్చింది. వసకొమ్ము నాలుకకు రాయడం, తేనె నాకించడం గురించి జరిగిన వాదనలు ఇక్కడ రాయను. తేనె మాత్రం ఏడాది లోపు పిల్లలకు చుక్క కూడా వద్దు. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

అయినా అత్తమ్మ చెప్పిన ఒక సంగతి మాత్రం ఎంతో ఉపయోగపడింది. సీసా వద్దు, ఉగ్గుగిన్నెతో పట్టు అన్నారు. ఆసుపత్రిలో నర్సు ఇచ్చిన పాలాడై కూడా అలాంటిదే, మూతి సన్నగా ఉన్న చిన్న గిన్నె. తల్లిపాలు కూడా తాగే బిడ్డకు సీసా అలవాటైతే రొమ్ము పట్టడానికి మారాం చేస్తుంది, సీసా రబ్బరులో మురికి మిగిలిపోవడం మరో బెడద. గిన్నెను వేడినీళ్లలో వేసి తీస్తే శుభ్రం. మూతిని పాప కింది పెదవి మీద ఆనించి కొంచెం వంచితే తనే నాలుకతో జుర్రుకునేది, నోట్లో పోయాల్సిన పనే లేదు. మొదట్లో సగం మెడమీదే కారేది, వారం పదిరోజులకు ఇద్దరికీ చేయి తిరిగింది. ఆఫీసు రోజుల్లో ఆయా చేతికిచ్చేటప్పుడు మాత్రం సీసాకు ఒప్పుకోక తప్పలేదు.

ఖర్చు లెక్క వేసుకుని దిగండి. 5 కిలోల బిడ్డకు పూర్తిగా డబ్బా పాలే అయితే, కిలోకు 150 మి.లీ. చొప్పున రోజుకు 750 మి.లీ. కావాలి. 400 గ్రాముల పెట్టెతో మూడు లీటర్ల దాకా వస్తాయి. అంటే పెట్టె నాలుగు రోజులు. నెలకు ఏడెనిమిది పెట్టెలు. ఈ లెక్క వేసుకున్నాకే మేము చవకదానికి మారాం. మారేటప్పుడు ఒక్కసారిగా కాకుండా రోజుకొక ఫీడ్ చొప్పున మార్చాం. విరేచనం రంగు కాస్త ఆకుపచ్చగా, నల్లగా మారింది. ఐరన్ వల్ల అలా అవుతుందని డాక్టరు అన్నారు, తగ్గించాల్సిందేమీ లేదు. రక్తం, జిగురు కనిపించినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా ఆగకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పాలలోని ప్రోటీన్ పడని పిల్లలకు ఇచ్చేవి వేరే ఉన్నాయి, అవి మనంతట మనం కొనేవి కావు.

చవకది ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది మా వీధిలో రాత్రి పదకొండుకు కూడా దొరికేది. ఖరీదైనదాన్ని ఒక యాప్‌లో ఆర్డర్ పెడితే డెలివరీ రోజు ఉదయం 'స్టాక్ లేదు' అని మెసేజ్ వచ్చింది, డబ్బాలో మిగిలింది రెండు పూటలకు. మా వారు సర్జాపుర రోడ్డు దాకా వెళ్లి వెతికి తెచ్చారు. డాక్టరు రెండు పేర్లు రాస్తే, మీ ఇంటికి నడిచి వెళ్లే దూరంలో కనీసం రెండు షాపుల్లో ఏది ఎప్పుడూ ఉంటుందో అదే తీసుకోండి. ఒక పెట్టె ఎప్పుడూ ముందుగా ఉంచుకోండి.

ఆరు నెలలయ్యాక రెండో నంబరుకు మారాలా అని డాక్టరును అడిగితే, తప్పనిసరేమీ కాదు, ఇడ్లీ, పప్పన్నం, గుడ్డు మీద దృష్టి పెట్టమన్నారు. ఏడాది నిండగానే మెడికల్ షాపతను "అక్కా, మూడో నంబరు వచ్చింది, ఇవ్వనా?" అని అరలోంచి తీశాడు. వద్దన్నాను. ఆ సాయంత్రం నుంచి పాపకు నందిని ప్యాకెట్ పాలే, కాచి, గ్లాసులో.